పలుచని గాలిలో నూరు మైళ్ళు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ, లెడ్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. సముద్ర మట్టం నుండి దాని ఎత్తు సుమారు 10,150 అడుగులు, అనగా 3,100 మీటర్లకు కొద్దిగా తక్కువ. వేసవిలో చల్లదనం కోసం మనవాళ్ళు వెళ్ళే ఉదకమండలం కంటే ఇది దాదాపు 2,800 అడుగులు ఎత్తయినది. ఊరి పేరులోని ‘లెడ్’ అంటే సీసం. 1870వ దశాబ్దం చివర ఇక్కడ సీసంతో కలిసిన వెండి ఖనిజం బయటపడగా వేలకొలది జనం వచ్చిచేరారు. వెండి ధర పడిపోగానే చాలామంది వచ్చిన దారినే పోయారు. తరువాత ఊరిని పోషించింది దగ్గరలోని క్లైమాక్స్ గని. ఉక్కును గట్టిపరచడానికి అందులో కలిపే మాలిబ్డినం అనే లోహం అక్కడ దొరుకుతుంది. 1980వ దశాబ్దం మొదట్లో ఆ గనిలో పని ఆగిపోయి వేలమందికి జీవనోపాధి పోయింది. ఊరికి మళ్ళీ నలుగురూ రావాలంటే ఏం చేయాలని ఆలోచించిన కెన్ క్లోబర్ అనే గని కార్మికుడు, 1983లో కొండల మీదుగా నూరు మైళ్ళ పరుగుపందెం పెట్టించాడు. వెండి గనులు పోషించలేని ఊరికి మనుషుల చెమట ఆధారమైంది! 1994లో అదే కొండలలో నూరు మైళ్ళ సైకిలు పందెం కూడ మొదలైంది.

ప్రతి ఏటా ఆగస్టు నెలలో జరిగే ఆ సైకిలు పందెం సంగతే ఇక్కడ ప్రస్తుతం. ఉదయం 6.30 గంటలకు ఊరి నడివీధి నుండి బయలుదేరిన వారు, రాళ్ళబాటల మీదా అడవిదారుల మీదా సుమారు 50 మైళ్ళు పోయి, కొలంబైన్ గని ఉన్న కొండపైకెక్కి, వచ్చిన దారినే తిరిగి రావాలి. ఆ కొండమీది మలుపు సుమారు 12,400 అడుగుల ఎత్తున ఉన్నది. దారి పొడవునా ఎక్కిన ఎక్కుళ్ళన్నీ కూడితే 11,000 అడుగులు దాటుతుంది. 12 గంటలలోపు తిరిగి వచ్చినవారికి వెండి, బంగారు వన్నెలు కలిసిన ఒక బెల్టు బకిలీ బహుమానంగా ఇస్తారు. 9 గంటలలోపు వచ్చినవారికి అంతకంటె పెద్దది. గడువు దాటి వస్తే బకిలీ లేదు.

ఇందులో వాడే సైకిలు మన వీధులలో తిరిగే సైకిలు కాదు. దానిని మౌంటెన్ బైక్ అంటారు. లావైన గరుకు టైర్లు, కుదుపులను మింగే స్ప్రింగుల వంటి ఏర్పాటు, కొండ ఎక్కడానికి చాలా తేలికైన గేర్లు దానికి ఉంటాయి. 1970వ దశాబ్దంలో కాలిఫోర్నియా కొండలలో యువకులు పాత సైకిళ్ళను మార్చుకొని దిగువకు దూకించే సరదా నుండి ఇది పుట్టింది. 1996 నుండి ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానం దొరికింది.

పందెానికి వచ్చేవారిలో చాలామంది మైదాన ప్రాంతాలవారు. బలమైన కాళ్ళు, మంచి అభ్యాసం, ఖరీదైన సైకిలు అన్నీ ఉండి కూడ వారిలో కొందరు మొదటి కొండ దగ్గరే ఆయాసపడి, తమ ఊళ్ళో తమకంటె వెనుకబడేవారి వెనుక నడుస్తారు. దీనికి కారణం ఏమిటి? ఆ ఊరికి ఎన్నాళ్ళ ముందుగా చేరుకుంటే మంచిది? ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకే ప్రశ్న.

గాలిలో తగ్గేది ఏది?

‘కొండమీద గాలిలో ఆమ్లజని తక్కువ’ అని సాధారణంగా అంటూ ఉంటారు. ఇందులో సగమే నిజం. ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సముద్రపు ఒడ్డున ఎంత పాలో కొండ శిఖరం మీద కూడ అంత పాలే ఉంటుంది. నూరు వంతుల గాలిలో సుమారు 21 వంతులు. తగ్గేది పాలు కాదు, పీడనం. మన నెత్తిమీద గాలి ఒక దొంతరగా పేరుకొని ఉన్నది. కింది పొర మీద పై పొరల బరువంతా పడుతుంది కనుక అది ఒత్తుకొని చిక్కగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ నెత్తిమీది బరువు తగ్గి గాలి పలుచనవుతుంది. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ బావమరిది పెరియే పాదరసపు భారమితిని ప్యూయ్ ద డోమ్ అనే కొండపైకి మోసుకుపోయి, గొట్టంలో పాదరసం దిగడం కళ్ళారా చూశాడు.

లెక్క ఇట్లా ఉంటుంది. సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. లెడ్‌విల్‌లో అది సుమారు 520. కొలంబైన్ కొండమీద సుమారు 475. మనం పీల్చిన గాలి శ్వాసనాళంలోకి రాగానే వెచ్చబడి, నీటి ఆవిరితో నిండుతుంది. శరీరపు వేడిమి వద్ద ఆ ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్లు. ఇది ఎత్తును బట్టి మారదు. అందుచేత మొత్తం పీడనంలో నుండి 47 తీసివేసి, మిగిలిన దానిలో నూటికి 21 వంతులు చూసుకుంటే ఆమ్లజని వాటా తెలుస్తుంది. సముద్రపు ఒడ్డున అది 150 మిల్లీమీటర్లు. లెడ్‌విల్‌లో దాదాపు 100. కొలంబైన్ మీద 90. ఊపిరితిత్తుల నుండి రక్తంలోకి ఆమ్లజనిని నెట్టేది ఈ పీడనమే. నెట్టే చేయి బలహీనమైతే రక్తంలోకి పోయే సరుకు తగ్గుతుంది. మైదానంలో విశ్రాంతిగా ఉన్న మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్ నూటికి 97 వంతులు ఆమ్లజనితో నిండి ఉంటే, లెడ్‌విల్‌కు కొత్తగా వచ్చినవాడిలో 90 ప్రాంతంలో ఉంటుంది. తొక్కడం మొదలుపెడితే ఇంకా దిగుతుంది.

పీడనం తగ్గిన సంగతి వంటింట్లో కూడ తెలిసిపోతుంది. లెడ్‌విల్‌లో నీరు 90 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది. ఎంత మంట పెట్టినా తెరిచిన గిన్నెలో నీరు అంతకంటె వేడెక్కదు. అక్కడ ప్రెషర్ కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికించబోయిన తెలుగు గృహిణికి భౌతికశాస్త్రం వేరే చెప్పనక్కరలేదు.

కొండలమీద వచ్చే జబ్బుకు మూలం గాలి బరువు తగ్గడం కాదనీ, ఆమ్లజని పీడనం తగ్గడమేననీ రుజువు చేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్. పీడనాన్ని తగ్గించగల ఇనుప గదులలో ప్రయోగాలు చేసి, తానే వాటిలో కూర్చుండి, కళ్ళు తిరిగే వేళకు ఆమ్లజని పీల్చి తేరుకొని, 1878లో ఆ ఫలితాలను పెద్ద గ్రంథంగా ప్రకటించాడు.

రెండు పాఠశాలల పిల్లలు

లెడ్‌విల్ శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలిసిన ఊరే. అక్కడ పుట్టిన శిశువుల బరువు మైదానపు శిశువుల బరువు కంటె తక్కువని 1957లోనే ఒక పరిశోధన వెలువడింది. 1960వ దశాబ్దంలో కొలరాడో వైద్యులు రాబర్ట్ గ్రోవర్, జాన్ రీవ్స్ చేసిన పని మన ఉన్నత పాఠశాలలవారికి మరీ ఆసక్తికరమైనది. వారు 300 మీటర్ల ఎత్తున ఉన్న కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్ నగరం నుండి హైస్కూలు పరుగువీరులను లెడ్‌విల్‌కు రప్పించారు. లెడ్‌విల్ హైస్కూలు పరుగువీరులను లెక్సింగ్టన్‌కు తీసుకుపోయారు. ఇద్దరి శరీరాలూ పూర్తిబలంతో పనిచేసేటప్పుడు నిమిషానికి ఎంత ఆమ్లజని వాడుకోగలవో రెండుచోట్లా కొలిచారు.

ఫలితం చాలామంది ఊహించినదానికి భిన్నంగా వచ్చింది. లెడ్‌విల్‌లో మైదానపు పిల్లల శక్తి సుమారు నాలుగో వంతు తగ్గింది. అది సరే. కాని అక్కడి పిల్లల శక్తి కూడ, వారు కిందికి దిగినప్పటి శక్తితో పోల్చితే, దాదాపు అంతే తక్కువగా కనబడింది. అంటే కొండపిల్లలకు కొండమీద ఏదో రహస్యమైన ఊపిరి ఉన్నదనుకోవడం పొరపాటు. లోటు అందరికీ ఉన్నది. పైగా మైదానపు పిల్లలు కొద్ది వారాలు అక్కడ ఉన్నా ఆ అత్యధిక శక్తి చెప్పుకోదగినంతగా తిరిగి రాలేదు.

అయితే ముందుగా పోవడం వల్ల ఉపయోగమే లేదా? ఇక్కడ ఒక భేదం గమనించాలి. రెండు నిమిషాల పరుగుకు కావలసింది అత్యధిక శక్తి. పది గంటల సైకిలు పందెానికి కావలసింది అందులో సగమో, సగానికి కొంచెం పైనో, ఆపకుండా నిలబెట్టగల ఓపిక. ఎత్తుకు అలవాటు పడిన శరీరంలో మొదటిది అంతగా మారకపోయినా రెండవది బాగా మెరుగవుతుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఉపాధ్యాయులు తరగతిలో ఈ రెండింటినీ వేరుచేసి చెప్పడం మంచిది. పత్రికలలో వీటిని కలగాపులగం చేయడం పరిపాటి అయింది.

పలుచని గాలి మేలు చేయదా?

చురుకైన విద్యార్థి ఒకడు లేచి, ‘గాలి పలుచనైతే దాని అడ్డు కూడ తగ్గాలి గదా?’ అని అడగవచ్చు. ప్రశ్న సరైనదే. ఉదకమండలమంత ఎత్తునే ఉన్న మెక్సికో నగరంలో 1968లో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు ఈ రెండు ముఖాలూ కనబడ్డాయి. ఊపిరి బిగబట్టి దూకే నిడుపు దూకుడులో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి లోకాన్ని నివ్వెరపరిచాడు. 10,000 మీటర్ల పరుగులో మాత్రం కాలాలు మందగించాయి. ప్రపంచ రికార్డు గల ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్ గమ్యం చేరగానే కూలిపోయాడు. 1972లో బెల్జియం సైకిలు వీరుడు ఎడీ మెర్క్స్ అదే నగరానికి పోయి, గుండ్రని బాటమీద ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పాడు. అతడు కోరి ఆ ఎత్తుకు పోయింది గాలి అడ్డు తగ్గుతుందనే.

మరి లెడ్‌విల్‌లో ఆ లాభం ఎందుకు రాదు? గాలి అడ్డును జయించడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 5 రెట్లయితే సామర్థ్యం 125 రెట్లు కావాలి. గంటకు 36 కిలోమీటర్లు పోయే సైకిలువాడు మౌంటెన్ బైక్ మీద నిటారుగా కూర్చుంటే గాలిని చీల్చడానికే సుమారు 270 వాట్లు వెచ్చించాలి. కొండ ఎక్కుతూ గంటకు 8 కిలోమీటర్లు పోయేవాడికి అది 3 వాట్లే. ఆ 3 వాట్లలో మూడోవంతు మిగిలితే వచ్చే లాభం ఎంత! ఎక్కుళ్ళలో అతని శత్రువు గాలి కాదు, భూమ్యాకర్షణ. అది లెడ్‌విల్‌లోనూ మచిలీపట్నంలోనూ ఒకటే అనుకోవచ్చు.

కొలంబైన్ కొండనే తీసుకుందాం. ట్విన్ లేక్స్ అనే చెరువుల దగ్గర నుండి కొండపై మలుపు వరకు ఎక్కు సుమారు 975 మీటర్లు. మనిషి, సైకిలు, నీళ్ళు అన్నీ కలిపి 80 కిలోగ్రాములనుకుంటే, దానిని అంత ఎత్తుకు ఎత్తడానికి 80ని 9.8తోనూ 975తోనూ హెచ్చించగా వచ్చే 7,64,000 జౌళ్ళ పని చేయాలి. మైదానంలో అంత ఎత్తును 90 నిమిషాలలో ఎక్కగలవాడి సామర్థ్యం ఇక్కడ అయిదోవంతు తగ్గిందనుకుందాం. అతనికి 112 నిమిషాలు పడుతుంది. 22 నిమిషాలు ఒక్క కొండమీదనే పోయినట్లు. అట్లా కాక, మైదానపు వేగంతోనే ఎక్కాలని పంతం పట్టేవాడు త్వరలోనే ఊపిరి అందక, కండరాలలో ఆమ్లం పేరుకొని, దిగి సైకిలు నెట్టుకోవలసి వస్తుంది. నూరు మైళ్ళ పందెంలో ఆ పంతపు ఖరీదు చివరి ఇరవై మైళ్ళలో చెల్లించాలి.

గంటలు, దినాలు, వారాలు

శరీరం ఊరుకోదు. ఎత్తుకు చేరిన కొన్ని నిమిషాలలోనే మెడ దగ్గరి ధమనులలో ఉన్న చిన్న గ్రంథుల వంటి కాపలాదారులు ఆమ్లజని తగ్గిన సంగతి పసికట్టి, మెదడుకు కబురు పంపుతాయి. ఊపిరి వేగమవుతుంది. గుండె గబగబ కొట్టుకుంటుంది. ఊపిరి ఎక్కువైనకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. ఇది శరీరానికి పడదు. ‘ఇక ఊపిరి తగ్గించు’ అని మరొక హెచ్చరిక వస్తుంది. ఒక కాపరి తోలమంటే మరొక కాపరి ఆపమన్నట్లు! నిద్రలో ఈ తగాదా బాగా బయటపడుతుంది. కొత్తగా వచ్చినవాడు గాఢంగా నాలుగు ఊపిరులు తీసి, కొన్ని క్షణాలు ఊపిరే తీయక, ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడతాడు. పక్కన పడుకున్నవారికి భయం వేస్తుంది. అతనికి నిద్ర చెడుతుంది.

ఈ తగాదాను తీర్చేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని బైకార్బొనేట్‌ను మెల్లగా మూత్రంలోకి తోసి, క్షారగుణాన్ని సరిచేస్తాయి. దీనికి కొన్ని దినాలు పడుతుంది. అప్పుడు ఊపిరి నిరాటంకంగా పెరగగలదు. అదే సమయంలో రక్తంలోని నీటిపాలు తగ్గి రక్తం చిక్కబడుతుంది. మూత్రపిండాలే ఇంకొక పని కూడ చేస్తాయి. ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను కొన్ని గంటలలోనే వాటి నుండి ఎక్కువగా వెలువడి, ఎముకల మూలుగను మేలుకొలుపుతుంది. కొత్త ఎర్ర కణాలు కొద్ది దినాల తరువాత రక్తంలోకి రావడం మొదలవుతుంది. కాని చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు కావాలి. శరీరంలో ఇనుము తక్కువగా ఉన్నవారికి ఈ పని సాగదు. అందుచేత రక్తహీనత ఉన్నదేమో ప్రయాణానికి చాలా ముందుగానే పరీక్ష చేయించుకోవాలి.

ఈ హార్మోనును సూదిమందుగా ఎక్కించుకొని కొండెక్కకుండానే ఎర్ర కణాలు పెంచుకొనే మోసం సైకిలు పందేలలో ఉండేది. 2009లో లెడ్‌విల్ పందెంలో మొదట వచ్చిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన కాలంలో తాను ఆ మందు వాడినట్లు 2013లో ఒప్పుకున్నాడు. 1998 ఆగస్టు నుండి అతని ఫలితాలన్నిటినీ అంతకు ముందు సంవత్సరమే రద్దు చేశారు.

రోజులు గడిచినకొద్దీ ఊపిరి, రక్తం ఎట్లా మారుతాయో కొలిచినవారిలో ఒక మహిళ పేరు తప్పక చెప్పాలి. 1911లో ఇంగ్లండు నుండి హాల్డేన్ బృందం కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం మీద మకాం వేసి పరిశోధనలు చేసింది. ఆ బృందానికి చెందిన మేబెల్ ఫిట్జెరల్డ్ శిఖరం మీద కూర్చోలేదు. పరికరాలు వెంటబెట్టుకొని ఒంటరిగా కొలరాడో గనుల ఊళ్ళకు పోయి, వేర్వేరు ఎత్తులలో నివసించే మనుషుల ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువునూ, రక్తంలోని హిమోగ్లోబిన్‌నూ కొలిచింది. ఎత్తు పెరిగినకొద్దీ మొదటిది తగ్గడం, రెండవది పెరగడం ఒక క్రమంలో జరుగుతాయని ఆమె చూపిన లెక్కలు నేటికీ నిలిచాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ పట్టం ఇచ్చింది 1972లో. అప్పటికి ఆమె వయస్సు నూరేళ్ళు.

ఎప్పుడు చేరాలి?

ఇప్పుడు ప్రయాణపు లెక్కకు రావచ్చు. ఎత్తయిన ఊరికి చేరిన 6 నుండి 12 గంటల తరువాత చాలామందికి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మొదటి ఒకటి రెండు రోజులు అది ఎక్కువగా ఉండి, అక్కడే విశ్రాంతిగా ఉంటే తరువాత తగ్గిపోతుంది. దీనిని పర్వతవ్యాధి అనవచ్చు. కాళ్ళ బలానికీ దీనికీ సంబంధం లేదు. గట్టివాడనుకున్నవాడికే వచ్చి, పక్కనున్న బక్కపలుచని మనిషికి రాకపోవచ్చు.

కొందరు శిక్షకులు, ముందుగా రెండు మూడు వారాలు గడిపే వీలు లేకపోతే పందెం ముందురోజు సాయంత్రమే చేరమని సలహా చెబుతారు. జబ్బు పూర్తిగా తలకెక్కకముందే పందెం ముగించవచ్చునని వారి తర్కం. గంటలో ముగిసే పందెాలకు ఇది సరిపోవచ్చునేమో గాని, పన్నెండు గంటలు తొక్కవలసినచోట జబ్బు సరిగా కొలంబైన్ కొండమీదనే పట్టుకొనే అవకాశం ఉన్నది. రెండు మూడు వారాల ముందు చేరడమే శాస్త్రసమ్మతం. అంత సెలవు దొరకనివారు, కనీసం ఒక వారం చేతిలో ఉంచుకొని, మొదటి రెండు మూడు రోజులు గట్టి అభ్యాసం మానుకోవాలి. దారిలో ఉన్న డెన్వర్ నగరం 5,280 అడుగుల ఎత్తున, అనగా సరిగా ఒక మైలు ఎత్తున, ఉన్నది. అక్కడ ఒకటి రెండు రాత్రులు ఆగి పోవడం కూడ మేలే.

భారతదేశం నుండి పోయేవారికి మరొక చిక్కు ఉన్నది. ఆగస్టులో కొలరాడో గడియారం మన గడియారానికి 11½ గంటలు వెనుక ఉంటుంది. లెడ్‌విల్‌లో ఉదయం 6.30కు పందెం మొదలైనప్పుడు హైదరాబాదులో సాయంత్రం 6 గంటలు. 12 గంటల గడువు ముగిసేసరికి ఇక్కడ మర్నాటి ఉదయం 6 గంటలు. కొత్తగా దిగిన ప్రయాణికుడి శరీరం ఇంకా హైదరాబాదు కాలాన్నే పాటిస్తూ ఉంటుంది కనుక, అతడు ఆ పందెమంతా తన శరీరపు రాత్రివేళలో తొక్కినట్లే. శరీరంలోని గడియారం దినానికి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. అందుచేత ఎత్తుకు అలవాటు పడడానికీ, కాలానికి అలవాటు పడడానికీ ఒకే రెండు వారాలు పనికివస్తాయి.

పర్వతవ్యాధి ముదిరితే ప్రాణాంతకం కావచ్చు. ఊపిరితిత్తులలో నీరు చేరితే, కూర్చున్నచోటనే ఆయాసం, దగ్గు, నురగతో కఫం వస్తాయి. మెదడులో వాపు వస్తే మాట తడబడుతుంది, నడక తూలుతుంది. ఈ గుర్తులు కనబడితే పందెమూ బకిలీ అన్నీ మరచి వెంటనే కిందికి దిగడమే చికిత్స. ఊపిరితిత్తులలో ఇట్లా నీరు చేరడాన్ని కొలరాడో వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ 1960లో పాశ్చాత్య వైద్యలోకానికి స్పష్టంగా తెలియజేశాడు. దీనిని గురించిన జ్ఞానంలో పెద్ద భాగం మన దేశం నుండి వచ్చింది, అదీ చాలా కష్టపడి. 1962 యుద్ధకాలంలో మైదానపు సైనికులను విమానాలలో ఉన్నపళంగా హిమాలయాలకు తరలించవలసి వచ్చింది. అలవాటుపడే వ్యవధి లేక ఎందరో జబ్బుపడ్డారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది రోగులను పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసం నేటికీ ఈ విషయంలో చదవదగినది. పందెగాడు తనంత తానుగా, డబ్బు ఖర్చుపెట్టి కొనుక్కొనే ప్రమాదాన్ని ఆ సైనికులు ఆజ్ఞ మీద ఎదుర్కొన్నారు.

బైకార్బొనేట్‌ను త్వరగా బయటికి పంపి, అలవాటుపడడాన్ని వేగిరపరచే ఎసిటజోలమైడ్ అనే మందు ఉన్నది. యాత్రికులకు వైద్యులు దీనిని ఇస్తారు. పందెగాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మూత్రాన్ని పెంచే మందు కనుక అది క్రీడలలో నిషేధించిన వాటి పట్టికలో ఉన్నది.

టైరు, బ్రేకు, అన్నం, నీళ్ళు

సైకిలుకు కూడ ఎత్తు తెలుస్తుంది. మైదానంలో చదరపు అంగుళానికి 25 పౌనులని చూసి టైరుకు గాలి కొట్టినవాడు లెడ్‌విల్‌లో మళ్ళీ కొలిస్తే, చుక్క గాలి కొట్టకుండానే దాదాపు 29½ చూపుతుంది. కారణం సులభం. పీడనమాపకం చూపేది లోపలి పీడనం మొత్తం కాదు, బయటి పీడనం కంటె లోపల ఎంత ఎక్కువో అది. బయట 14.7 పౌనులు ఉన్నది 10.1కి దిగింది, లోపలిది మారలేదు. ఉదకమండలం పోయినప్పుడు చిరుతిండి పొట్లాలు బెలూన్లలా ఉబ్బడం ఇందుకే. అయితే వేడిమి మారలేదనుకొని వేసిన లెక్క ఇది. 30 డిగ్రీల ఎండలో కొట్టిన గాలి 5 డిగ్రీల తెల్లవారుజామున ముడుచుకొని, మాపకం సుమారు 26 చూపుతుంది. రాళ్ళమీద గట్టి టైరు ఎగిరెగిరిపడి పట్టు తప్పుతుంది కనుక పందెం ఉదయాన మళ్ళీ కొలుచుకోక తప్పదు. ఉన్నత పాఠశాలలో వాయు నియమాలు నేర్పడానికి ఇంతకంటె మంచి లెక్క దొరకదు.

ఎక్కేటప్పుడు కూడబెట్టిన 7,64,000 జౌళ్ళ స్థితిశక్తి దిగేటప్పుడు ఏమవుతుంది? కొంత గాలిని చీల్చడంలో పోతుంది, మిగిలినది బ్రేకులలో వేడిగా మారుతుంది. మొత్తం వేడిగా మారిందనుకుంటే అది రెండు లీటర్ల చల్లని నీటిని లెడ్‌విల్‌లో మరిగించడానికి చాలు. బ్రేకును ఏకబిగిన నొక్కి పట్టుకోక, విడిచి విడిచి నొక్కమని అనుభవజ్ఞులు చెప్పడం చల్లబడే వ్యవధి ఇవ్వడానికే.

దారి మొత్తం మీద 3,350 మీటర్లు ఎక్కడానికే 26 లక్షల జౌళ్ళకు పైగా పని కావాలి. మన కండరాలు తిన్న ఆహారంలో నాలుగోవంతును మాత్రమే పనిగా మార్చగలవు, మిగిలినది వేడి. ఆ లెక్కన ఎక్కుళ్ళకే 2,500 కిలోకేలరీలు. బాట గరుకుదనం, చదునునేల, శరీరపు రోజువారీ ఖర్చు దీనికి అదనం. కండరాలలోనూ కాలేయంలోనూ నిలవ ఉండే గ్లైకోజన్ ఎంత ఉన్నా 2,000 కిలోకేలరీలు ఇస్తుంది. కనుక దారిలో గంట గంటకూ 60 నుండి 90 గ్రాముల పిండి, చక్కెర పదార్థాలు తింటూ పోవాలి. ఎత్తులో ఆకలి మందగిస్తుంది. తినవలసినప్పుడే నోటికి రుచించదు. అందుకని గడియారం చూసి తినడం అలవాటు చేసుకుంటారు.

నీటి సంగతి కూడ ఇటువంటిదే. ఎత్తున గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. వేగంగా తీసే ప్రతి ఊపిరీ లోపలి తేమను తోడుకొనిపోతుంది. చెమట పట్టిన వెంటనే ఆరిపోవడం వల్ల తడి తెలియదు. తెలియకుండా పోయే ఈ నీటిని దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా పూరించుకోవాలి. అట్లాగని ఉప్పు లేకుండా ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగినా రక్తంలో సోడియం తగ్గి ప్రమాదం వస్తుంది.

తిరుగు దారిలో సుమారు 80 మైళ్ళు పూర్తయిన తరువాత, కరెంటు స్తంభాల వెంబడి పోయే నిటారైన ఎక్కు ఒకటి వస్తుంది. పవర్‌లైన్ అని దాని పేరు. అక్కడ చాలామంది దిగి సైకిలు నెడతారు. ముందురోజు వచ్చినవారూ, మూడు వారాల ముందు వచ్చినవారూ పక్కపక్కన నడిచేది అక్కడే. మాట్లాడుతూ నెట్టగలిగేవారు ఎవరో, మాటకూ ఊపిరి మిగలనివారు ఎవరో చూస్తే తెలిసిపోతుంది.

పందెం ముగిసి మైదానానికి దిగినవాడి రక్తంలో అదనంగా పుట్టిన ఎర్ర కణాలు ఎన్నాళ్ళో ఉండవు. ఎర్ర కణం ఆయుర్దాయం మామూలుగా 120 రోజులు. కాని ఆమ్లజని సమృద్ధిగా దొరకగానే ఎరిత్రోపొయిటిన్ ఉత్పత్తి తగ్గిపోతుంది; కొండమీద ఇటీవల పుట్టిన లేత కణాలను శరీరం ముందుగా తొలగిస్తుందని పరిశోధకులు చెబుతారు. కొద్ది వారాలలో రక్తం పాత స్థితికి వస్తుంది. మరుసటి ఆగస్టులో మళ్ళీ లెడ్‌విల్ పోదలచినవాడు మొదటి రోజు తలనొప్పి నుండి అంతా కొత్తగా మొదలుపెట్టవలసిందే.